దీపప్పురుగులకు పాకం

ఈ మధ్య బెల్లం పొడి చేసి అమ్ముతున్నారు. జిప్పున్న సంచిలో, ఇసుకలాగా. నేను దీనికి వ్యతిరేకం. బెల్లం అచ్చును పాత పేపర్లో చుట్టి, గుమ్మం మీద పెట్టి, పచ్చడిబండతో పొడిచి, ఎగిరిన పలుకుల్ని పెద్దవాళ్ళు చూసేలోగా నోట్లో వేసుకోవడమనే కార్యక్రమాన్నంతా ఆ జిప్పు మింగేసింది. కంపెనీకి ఉత్తరం రాద్దామనుకున్నాను. రాయలేదు. నా ఫిర్యాదుల్లో ఇది పెద్దదేమీ కాదు, కాకపోతే పాతది.

మొన్న ఆ పొడితోనే పాకం పెట్టాను. పొడి అయినా దాని బుద్ధి మారలేదు. కాస్త అడుగంటగానే అసలు వాసన బయటికొచ్చింది. అందులో శొంఠి పడేసరికి నా వంటిల్లు కాసేపు నాకు కనిపించలేదు. తడిసిన ఓక్ బెరడు కనిపించింది. సెప్టెంబరు సాయంత్రం కనిపించింది. చేతికి కట్టుతో ఒక ముసలావిడ, ఆవిడ పక్కన తెల్లచీర మీద కోటు, కోటు మీద శాలువా కప్పుకుని మా అమ్మమ్మ, ఇద్దరూ ఒకే చెట్టు వంక చూస్తూ నిలబడి కనిపించారు.

అప్పుడు మేము ఇంగ్లండు నడిమధ్యన ఒక ఊళ్ళో ఉండేవాళ్ళం. అమ్మ ఆసుపత్రిలో నర్సు. మా ఇల్లు నడిపేది అమ్మా కాదు, నాన్నా కాదు. ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటించిన అమ్మ డ్యూటీల చీటీ, రోటా. నైట్స్ ఉన్న వారం పగలంతా ఇల్లు ఊపిరి బిగబట్టుకుని ఉండేది. కుక్కరు కూత పెట్టకూడదు. మెట్లు మూడో మెట్టు తప్పించి ఎక్కాలి, అది కిర్రుమంటుంది. తమ్ముడు మాటలు నేర్చిందే అలాంటి ఇంట్లో కాబట్టి బయట కూడా గుసగుసగానే మాట్లాడేవాడు. వాడి గొంతుకేమైనా ఇబ్బందేమో, జీపీ డాక్టరుకి చూపించమని స్కూలు టీచరు ఒకసారి నాన్నకి చెప్పింది.

నాన్న గుంటూరులో జూనియర్ కాలేజీ పిల్లలకి ఫిజిక్సు చెప్పిన మనిషి. ఇక్కడ వేర్‌హౌస్‌లో పెట్టెలకి లేబుళ్ళు అంటించేవాడు. గురుత్వాకర్షణ రెండు చోట్లా ఒకటేనని అనేవాడు. శనివారం పొద్దున్నే మమ్మల్నిద్దర్నీ ఇంట్లోంచి తప్పించి అమ్మ నిద్రని కాపాడటం ఆయన డ్యూటీ, అదీ ఖర్చు లేకుండా. లైబ్రరీ గోడ మీద ఒక నోటీసు చూశాడు. ప్రవేశం ఉచితం, టీ ఇస్తాం అని ఉంది. ఆ రెండూ చదివాక ఇంకేం చదవలేదు. మేము వెళ్ళింది పురుగులు చూడ్డానికని అక్కడికెళ్ళాకే తెలిసింది.

ఊరి చివర పాత కంకర గుంటలు నీళ్ళు నిండి చెరువులయ్యాయి. వాటి వెనక ఒక అడవి. అడవి అంటే మరీ భయపడేటంత కాదు, ఒక ముసలి కుక్క కూడా తప్పిపోకుండా ఇంటికొచ్చేటంత. అదంతా రక్షిత ప్రాంతమని బోర్డు ఉండేది. అక్కడ రాత్రి ఒక చెక్కపెట్టె మీద దీపం వెలిగించి వదిలేసేవాళ్ళు. దీపానికొచ్చిన పురుగులు జారి లోపల పడి, అందులో పేర్చిన కోడిగుడ్ల అట్టల గుంటల్లో తలదాచుకునేవి. పొద్దున్నే అందరూ చుట్టూ చేరి, అట్టలు ఒక్కొక్కటిగా తీసి, ఎవరెవరు వచ్చారో చూసి, పేర్లు రాసుకుని, గడ్డిలో వదిలేసేవాళ్ళు. అంతే. చంపడం లేదు, తినడం లేదు. ఇంత పనికి పెద్దవాళ్ళు ఇంత పెందలాడే ఎందుకు లేస్తారో తమ్ముడికి అర్థం కాలేదు. నాకూ కాలేదు. రెండో వారం కూడా వెళ్ళాం. మూడోవారం నాన్న పిలవకముందే నేను బూట్లు వేసుకుని కూర్చున్నాను.

ఆ పొద్దుల్ని ఎలా చెప్పాలో తెలియదు. చెరువుల మీద పొగమంచు పాలమీగడలా ఉండేది. గడ్డి మోకాళ్ళదాకా తడిపేది. ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్ళు కాదు. జీవితంలో మొదటిసారి తమ్ముడి గొంతు అందరి గొంతుతో సమానమైంది. ఒక అట్ట ఎత్తగానే దాని కింద ఆకుపచ్చా గులాబీరంగూ కలిసిన ఒకటి, పెళ్ళికి ముస్తాబై బస్సు తప్పిపోయిన మనిషిలా, కదలకుండా కూర్చుని ఉండేది. ఇంకో గుంటలో విరిగిన పుల్లముక్క ఉండేది. దొరసాని వేలు పెడితే ఆ పుల్లకి కాళ్ళొచ్చి వేలెక్కేది.

దొరసాని అంటే ఆ గుంపుకి పెద్ద. బడిలో చరిత్ర చెప్పి రిటైరైంది. కోటుకి ఉన్న జేబులన్నిట్లోనూ గాజు గొట్టాలు, ఒక్కదాంట్లో మాత్రం బిస్కెట్లు ఉండేవి. చెయ్యి పెట్టేటప్పుడు ఆవిడ కూడా జేబు చూసుకునే పెట్టేది. నవ్వేది తక్కువ. మా నాన్న ఫిజిక్సు లెక్చరర్నని చెప్తే ఆశ్చర్యపోలేదు. సరే, అయితే పురుగులు దీపం దగ్గరికి ఎందుకొస్తాయో చెప్పమంది. నాన్న చాలాసేపు చెప్పాడు. ఆవిడ చివరిదాకా విని, అది తప్పయి ఉండొచ్చనీ, అసలు సంగతి ఇంకా ఎవరూ తేల్చలేదనీ అంది. ఆ దేశం వచ్చాక తనని ఎవరైనా ఒక ప్రశ్న అడిగి, జవాబు నిలబడి విన్నది అదే మొదటిసారని నాన్న కారులో అన్నాడు. తర్వాత రేడియో పెట్టాడు.

ఆవిడకి ఆ పేరు పెట్టింది అమ్మమ్మ. ఆ వేసవిలో ఆర్నెల్ల వీసా మీద గుంటూరు నుంచి వచ్చింది. మిషన్ కాంపౌండులో పెరిగింది కాబట్టి తెల్ల టీచరమ్మలందరూ ఆవిడకి దొరసానులే. మేము చెప్పినదంతా విని, పేరు అక్కర్లేదని, పురుగుల దొరసాని అనేసింది. మాత్ అనే మాటకి తెలుగు కూడా ఆవిడే తేల్చింది. నాన్న చిమ్మెట అన్నాడు. చిమ్మెటంటే పెట్టెలో పట్టుచీరలు కొట్టేసేదనీ, ఇవి దీపప్పురుగులనీ చెప్పింది. చీర జోలికి రాని పురుగుని ఆ మాట అనడం అన్యాయమట. ఒకదాని రెక్క మీద హీబ్రూ అక్షరంలాంటి మచ్చ ఉంటుందనీ, దాని పేరు కూడా అదేననీ నేను చెప్పినప్పుడు మాత్రం కళ్ళజోడు తుడుచుకుంది. పాతనిబంధన రాసిన భాష రెక్క మీద మోసుకొస్తుంటే దాన్ని గుడ్లట్టలో కూర్చోబెట్టడమేమిటని అడిగింది.

అమ్మమ్మ మాతో వచ్చేది కాదు, తినేవి కట్టించేది. శనివారం తెల్లవారకముందే పులిహోర డబ్బా, చేగోడీల డబ్బా తయారు. ఒకసారి దొరసాని మమ్మల్ని చెరువు ఒడ్డున పక్షుల్ని చూసే చెక్కగదిలోకి తీసుకెళ్ళింది. అక్కడ సన్నటి కిటికీల్లోంచి బైనాక్యులర్లు బయటపెట్టి, మనుషులు ప్రార్థనలో ఉన్నట్టు కూర్చుంటారు. ఏదో అరుదైన కొంగ వచ్చిందట. ఆ నిశ్శబ్దంలో తమ్ముడు చేగోడీ కొరికాడు. అమ్మమ్మ చేగోడీ చెరువు అవతలికి వినిపిస్తుంది. వరసగా తలలన్నీ తిరిగాయి. వాడు నోట్లో ఉన్నదాన్ని ఏం చెయ్యాలో తెలియక, కరిగిపోతుందేమోనని కదలకుండా పట్టుకుని కూర్చున్నాడు. కళ్ళమ్మట నీళ్ళు కారాయి. కాసేపటికి ఒక గడ్డం ఆయన దగ్గరికొచ్చి, అదేమిటని గుసగుసగా అడిగి, ఒకటి తీసుకున్నాడు. తర్వాత ఇంకొకాయన. కొంగ ఎప్పుడు ఎగిరిపోయిందో ఎవరూ చూడలేదు.

నీలిపట్టీ అనే దీపప్పురుగు సంగతి దొరసాని నాకు చెప్పింది ఆ రోజే, తిరిగి నడిచొస్తుండగా. ఆవిడకి నా వయసున్నప్పుడు వాళ్ళ నాన్న ఇదే అడవికి తీసుకొచ్చేవాడట. చెట్టు మొదలుకి తియ్యటి పాకం పూసి, చీకటి పడేటప్పుడు ఎవరు తాగడానికొస్తారో చూడటం వాళ్ళ పద్ధతి. ఒక సాయంత్రం ఆయన ఆవిడని భుజాల మీదికి ఎత్తి చూపించాడు. బెరడు మీద బూడిదరంగు పురుగు, అరచేతికంటే పెద్దది. అది ముందు రెక్కలు జరిపితే కింద నల్లటి రెక్కకి అడ్డంగా నీలిపట్టీ. అంత నీలం మళ్ళీ ఎక్కడా చూడలేదంది. ఆ తర్వాత ఆ పురుగు ఈ వైపు కనిపించడమే మానేసింది. ఇన్నేళ్ళూ ఆవిడ ఆ అడవిలో దీపం పెట్టింది దానికోసమే. ఈ మధ్య దక్షిణాన మళ్ళీ కనిపిస్తోందని కబురు.

ఆగస్టులో ఆవిడ బురదలో జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. అది చిన్న సంగతేననీ, పెద్ద సంగతి వేరే ఉందనీ టీ తాగుతూ చెప్పింది. ఇల్లు అమ్మేసిందట. ఒంటరిగా ఉండటం ఇక కుదరదని న్యూకాసిల్‌లో మేనకోడలి దగ్గర ఒక చిన్న ఫ్లాట్ చూశారట. సెప్టెంబరులో ఒక ఆదివారం ప్రయాణం. అంత ఉత్తరానికి ఆ పురుగు రాదు. మళ్ళీ ఇక్కడికొచ్చి చీకట్లో నిలబడే వయసూ కాదు. వెళ్ళేముందు శనివారం ఒక్కటి మిగిలింది. ఆ సాయంత్రం వాళ్ళ నాన్న పద్ధతిలో పాకం పూద్దామంది. కట్టు కట్టిన చేత్తో గిన్నె కలపలేనని, ఆ పని నాన్నకి అప్పగించింది. బెల్లప్పాకంలాంటి నల్లటి ట్రీకిల్ డబ్బా, గోధుమరంగు పంచదార, ఒక చిన్న సీసా. ఉడికాక చివర్లో సీసా మొత్తం పొయ్యమంది. పురుగుల్ని లాగేది ఆ వాసనేనట.

సీసాలో ఉన్నది రమ్ము.

ఇక్కడ మా ఇంటి సంగతి కొంత చెప్పాలి. మాది చర్చి కుటుంబం. ఊళ్ళో తెలుగువాళ్ళం అద్దె హాల్లో కలుసుకునేవాళ్ళం, ఆ ఆదివారం ప్రభువు బల్ల, రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన ఉంది. అదొక్కటే అయితే నాన్న ఎలాగో సర్దుకునేవాడు. ఇంకొకటి తాతయ్య, అమ్మ వాళ్ళ నాన్న. ఆయన్ని నేను చూడలేదు. రాత్రి పాటలు పాడుకుంటూ, సైకిలు నడిపించుకుంటూ వచ్చేవాడనీ, కాంపౌండులో అందరికీ వినపడేదనీ, పొద్దున్నే అందరికంటే ముందు చర్చిలో మొదటి బెంచీ మీద కూర్చునేవాడనీ అమ్మ ఎప్పుడో చెప్పింది. అమ్మమ్మ ఎప్పుడూ చెప్పలేదు.

కాబట్టి నాన్న అమ్మమ్మ పడుకునే వేళ చూసి పొయ్యి వెలిగించాడు. మధ్యాహ్నం అమ్మ పైన నిద్ర, అమ్మమ్మ కింద కునుకు. తమ్ముడూ నేనూ వంటింటి గుమ్మంలో కాపలా. నాన్న ట్రీకిల్, పంచదార కలిపి ఉడికించి, దించి, సీసా వంచాడు. ఆయన పక్కాగా చేసే మనిషి, చెప్పింది చెప్పినట్టు చేశాడు. కానీ వేడి పాకంలో పడిన రమ్ము వాసన ఆయన లెక్కలో లేదు. అది మెట్లెక్కలేదు గాని, ముందు గదిలోకి మాత్రం తిన్నగా వెళ్ళింది.

అమ్మమ్మ లేచొచ్చి గుమ్మంలో నిలబడింది. అరవలేదు, పైన అమ్మ నిద్రపోతోంది. అల్లుడితో ఎదురుగా మాట్లాడటం ఆ తరానికి అలవాటు లేదు. ఏం చెప్పాలన్నా నామీదుగానే.

"మీ నాన్ననడగవే, ఆ గిన్నెలో ఏముందో."

నాన్న నాతో, పురుగుల కోసం అని చెప్పు అన్నాడు. ఆయనా నామీదుగానే. ఇద్దరికీ మధ్య రెండడుగుల దూరం.

"పురుగులకి కూడా తాగబోయటానికి ఈ దేశం దాకా రావాలటే మీ నాన్న? గుంటూరులో దొరకవా?"

అమ్మమ్మ చీర చెంగుతో గిన్నె పట్టుకుంది. సింకు దగ్గరాగి ఆలోచించింది. సింకులో అన్నం గిన్నెలు కడుగుతాం. వెనక తలుపు తీసి, పెరట్లో చెత్తబిన్ను పక్కనున్న చెక్క కంచె మీదికి మొత్తం విసిరేసింది. నల్లగా, చిక్కగా, కంచె పైనుంచి కిందికి మెల్లగా జారింది. గిన్నెని బిన్నులో వేసి మూత పెట్టింది.

లోపలికొచ్చి చేతులు కడుక్కుని, మాటిచ్చాక తప్పడం కూడా తప్పేనంది. పురుగులకి పాకం కావాలి, అంతేగా. అచ్చు బెల్లం తెచ్చి గుమ్మం మీద పెట్టింది. నేను పచ్చడిబండతో పొడిచాను, పలుకులు తమ్ముడూ నేనూ సగం సగం. బెల్లం కరిగించి, వడగట్టి, శొంఠి, యాలకులు, చిటికెడు మిరియాలు. అరటిపండు పిసికి వేసింది. రుచి చూసి, ఇంకాస్త శొంఠి వేసింది. అతిథికి పెట్టేది మనం తినేలా ఉండాలంది. మేం తిన్నాం. నాన్న కూడా గరిటె నాకాడు, కానీ దిగాలుగా.

సాయంత్రం అమ్మమ్మ కూడా తయారైంది. తన పాకం ఎవరు తింటారో చూడాలట. కారులో నాన్న పెదాలు కదులుతున్నాయి. దొరసానికి చెప్పాల్సిన ఇంగ్లీషు వాక్యం వల్లె వేస్తున్నాడు. కుటుంబ విశ్వాసాల దృష్ట్యా అని మొదలైంది అది. వైన్ షాపు దగ్గర కారు నెమ్మదించింది. అద్దంలో అమ్మమ్మ కళ్ళు ఉన్నాయి. కారు మళ్ళీ వేగం పుంజుకుంది.

అడవి దగ్గర గుంపంతా వచ్చారు, వీడ్కోలు కదా. దొరసాని అమ్మమ్మని చూసి ఎడమచెయ్యి చాపింది. అమ్మమ్మ మిషన్ బడి ఇంగ్లీషులో, గుడ్ ఈవినింగ్ మేడమ్ అని, ఆ చేతిలో చేగోడీల డబ్బా పెట్టింది. గోడకి సున్నం వేసే కుంచెతో నేను చెట్లకి పాకం పూశాను. దొరసాని కుంచె మీద వేలు పెట్టి నాకింది. చాలాసేపు ఆలోచించింది. అల్లం, అంది. అప్పుడు నాన్న నోరు తెరిచాడు. బాగుంది, అంది ఆవిడ. నాన్న నోరు మూసుకున్నాడు.

వెలుగు మెల్లగా చెట్లలోంచి దిగిపోయింది. ఎండాకుల వాసన, బెల్లం వాసన, ఎవరి ఫ్లాస్కులోంచో టీ వాసన. కందిరీగలు వచ్చి వెళ్ళాయి. నత్తలు వచ్చి ఉండిపోయాయి. మట్టిరంగు దీపప్పురుగులు కొన్ని, అందులో హీబ్రూ అక్షరానిది ఒకటి. అమ్మమ్మకి చూపిస్తే దగ్గరగా వంగి, ఇది కాస్త మర్యాదగా తింటోందంది.

దొరసాని వాళ్ళ నాన్న గురించి మళ్ళీ చెప్పింది. నాన్న అమ్మమ్మకి వినపడేలా నాకు తెలుగులో చెప్పాడు. సీసాలో సగం చెట్టుకి, సగం ఆయనకట. తిరిగెళ్ళేటప్పుడు దారి పొడుగునా పాడేవాడట. అంత సరదా మనిషి ఇంకొకడు లేడట. అమ్మమ్మ చెట్టునే చూస్తూ, వాళ్ళమ్మ అప్పుడేం చేసేదో అడగమంది. నాన్న అడిగాడు. దొరసాని గుర్తుచేసుకోవడానికి ఆగింది. "మా అమ్మ నిద్రపోయినట్టు పడుకునేది," అంది. అమ్మమ్మ తలూపింది.

నీలిపట్టీ రాలేదు. చలి మొదలయ్యాక గుంపు పలచబడింది. దొరసాని చివరి చెట్టు దగ్గర నిలబడే ఉంది. నిరాశగా ఉన్నట్టేమీ లేదు. బస్టాపులో మనిషి, ఆఖరి బస్సు వెళ్ళిపోయిందని తెలిసీ, ఇంకో నిమిషం చూసినట్టు చూసింది. తర్వాత బెరడు మీద అరచెయ్యి ఒకసారి ఆనించి, జిగురంటిన ఆ చెయ్యి కోటుకే తుడుచుకుని, పదండి అంది.

ఇంటి దగ్గర దిగాక అమ్మమ్మ తలుపు దగ్గర నన్నాపింది. నాన్న పక్కనే తాళం తీస్తున్నాడు.

"మీ నాన్నకి చెప్పు. పొద్దున్నే ఆవిడకి ఫోన్ చెయ్యమను. మందు పారబోసింది నేనేనని చెప్పమను. పేరు దాయొద్దను. నా పేరే చెప్పమను."

నాన్న తాళంతో, అలాగే అత్తయ్యా, అన్నాడు.

నైట్స్ నుంచి అమ్మ ఎప్పుడూ వెనక గేటు నుంచే వచ్చేది, ముందు తలుపు గట్టిగా పడుతుందని. ఆ ఆదివారం పొద్దున యూనిఫాం మీద కోటుతో వంటింట్లోకొచ్చి, బూట్లు విప్పుతూ, ఎవరివంకా చూడకుండా చెప్పింది. బిన్ను పక్కన కంచెకి నల్లగా ఏదో అంటుకుందట. దానిమీద అరచేతంత పురుగొకటి ఉందట. గేటు వేస్తే అదిరి కదిలిందట, కింద నీలంగా కనపడిందట. మీ దొరసాని వెతికేది అదేనేమో చూసుకోండి, నేను పడుకుంటున్నాను అని మూడో మెట్టు తప్పించుకుని పైకి వెళ్ళిపోయింది.

నాన్న లుంగీలోనే పెరట్లోకి వెళ్ళి, వెళ్ళినంత మెల్లగానూ వెనక్కి వచ్చి ఫోనందుకున్నాడు. రాత్రంతా తయారుచేసుకున్న వాక్యంలో కుటుంబ విశ్వాసాలు ఎటో పోయాయి. రండి, మా బిన్ను దగ్గరుంది, అన్నాడు.

మేము కంచె ముందు వరసగా నిలబడ్డాం. నిన్న జారిన పాకం చెక్క మీద గట్టిపడి, మంచుకి మెరుస్తోంది. దాని మధ్య బూడిదరంగు బెరడు ముక్కొకటి, ముక్కలాగే ఉంది. అమ్మ నిద్రకి పాటించే నిశ్శబ్దమే దానికీ పాటించాం, మాకు వేరే రకం రాదు. ఆవిడ వచ్చేలోగా ఎగిరిపోతుందేమోనని నాన్న గడియారం, ఆకాశం మార్చి మార్చి చూస్తున్నాడు. ఉండబట్టలేక అమ్మమ్మ అల్లుడితో ఎదురుగా మాట్లాడింది.

"ఎక్కడికీ పోదు నాయనా. తాగి పడుంది. పొద్దెక్కిందాకా లేవదు. నాకు తెలవదా."

మేనకోడలి కారు వచ్చింది, వెనకంతా పెట్టెలు, దీపపు చెక్కపెట్టె కూడా. దొరసాని ప్రయాణానికి మంచి కోటు వేసుకుంది, దానికి జేబులు తక్కువ. పెరట్లోకొచ్చి, ముందు వాసన చూసింది. కంచెని చూసింది. నాన్నని చూసింది. తర్వాత అమ్మమ్మని. అమ్మమ్మ పైట సర్దుకుని నిటారుగా నిలబడింది. దొరసాని వంగింది. బాగున్న చేతి వేలిని పురుగు పక్కన ఆనించింది. అది బద్ధకంగా, ఇష్టం లేని మనిషి దుప్పటి తీసినట్టు, ముందు రెక్కలు జరిపింది.

ఆ నీలం గురించి ఆవిడ అబద్ధం చెప్పలేదు. కుంపట్లో బొగ్గు ఆరేముందు అంచున ఒక రంగు ఉంటుంది, అలాంటిది. నేను చలి మర్చిపోయాను. తమ్ముడు నా చెయ్యి పట్టుకున్నాడు, వాడు అలా పట్టుకునే రకం కాదు. దొరసాని అలాగే వంగి ఉంది, ఎంతసేపో. తర్వాత నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

"నాకు గుర్తున్నంత పెద్దది కాదు," అంది.

నాన్న దాన్ని అమ్మమ్మకి తెలుగులో చెప్పాడు.

ఇప్పుడు అవేవీ లేవు. అడవిలో సగం వేర్‌హౌసులైంది. ఆఖర్న నాన్న పనిచేసింది వాటిలోనే ఒకదాంట్లో, నేల చదునుగా ఉంటుందని మెచ్చుకునేవాడు. గుంపులో కొంతమంది పోయారు, కొంతమంది ఫోన్లో పురుగుల ఫొటోలు పంపుకుంటున్నారు. కంచె ఉన్న ఆ ఇల్లు మేము ఖాళీ చేసి చాలాకాలమైంది. న్యూకాసిల్ నుంచి దొరసాని కొన్నాళ్ళు కార్డులు రాసింది, అక్కడి పురుగులు కూడా ఫరవాలేదని. ఒకసారి బెల్లం ఎక్కడ దొరుకుతుందని అడిగితే నాన్న అచ్చొకటి పార్సిలు చేశాడు. అమ్మమ్మ వీసా అయిపోయి ఆ డిసెంబరులోనే వెళ్ళిపోయింది. తర్వాత ఒకేసారి వెళ్ళి చూడగలిగాను. మంచంలో ఉండి కూడా, ఆ హీబ్రూ అక్షరానిది ఎలా ఉందని అడిగింది. తమ్ముడు ఇప్పుడు కోర్టులో వాదిస్తాడు. గట్టిగానే మాట్లాడతాడట, నేను వినలేదు.

అదే పొడి బెల్లంతో నేను మొన్న పాకం పెట్టి, మా బాల్కనీ కమ్మీకి కొంచెం పూశాను. నత్త కూడా రాలేదు. ఎన్నో అంతస్తో దానికి తెలుసనుకుంటాను. చలిలో నిలబడి చూస్తుంటే, ఆ పొద్దున పెరట్లో నాన్న తెలుగులో చెప్పాక అమ్మమ్మ అన్న మాట మళ్ళీ వినపడింది. ఆవిడ పురుగు వంక చూస్తూనే అంది. ఏమన్నారని దొరసాని నాన్నని అడిగింది. నాన్నకి రెండు భాషలూ వచ్చు. ఆయన కంచె వంక చూస్తూ ఉండిపోయాడు.

"తాగినోళ్ళంతా అంతేనమ్మా," అంది అమ్మమ్మ. "రాత్రికి ఎంత పెద్దగా కనపడినా, తెల్లారాక చూస్తే ఇంతే ఉంటారు."